ప్లేఆఫ్స్ ముందు పిచర్ స్పీడ్ యాడికి పోతాది?

ప్రశ్న: అన్నా నమస్తే. మేము నలుగురం అనంతపురంలో రూమ్ తీసుకోని చదువుకుంటాండాం. అక్టోబర్ వస్తే తెల్లారి అయిదున్నరకే లేచి ఫోన్‌లో అమెరికా బేస్‌బాల్ ప్లేఆఫ్స్ (సీజన్ అయినాక కప్పు కోసం ఆడే ఆఖరి సిరీస్‌లు) చూస్తాం, మ్యాచ్ అయినాక ఉగ్గాని తినేదానికి పోతే ఆడ కూడా అదే గొడవ. మేము ఇష్టపడే పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేటోడు) జులైలో గంటకి 96 మైళ్ళ స్పీడుతో వేస్తాండె, సెప్టెంబర్ ఆఖరుకి 94 దాటడం ల్యా. ఒగడేమో ప్లేఆఫ్స్ కోసం దాపెట్టుకుంటాండాడు అంటాడు, ఇంగొగడు చెయ్యి అయిపోయింది, టీమ్ బయటికి చెప్పడం ల్యా అంటాడు, మూడోవాడు రాడార్ తప్పంటాడు, నాకేమో చలి వల్ల అనిపిస్తాది. ఎవురిది కరెక్టో నువ్వే చెప్పన్నా.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తమ్ముడూ, మీ నలుగురిలో ఎవురిదీ పూర్తిగా తప్పు కాదు, కాకపోతే కాళ్ళ గురించి ఒగరూ మాట్లాడలా, నా లెక్కలో అసలు సంగతి ఆడ్నే ఉంది.

బంతికి స్పీడ్ ఒట్టి చెయ్యి ఇవ్వదు. వెనక కాలితో తోసి, ముందుకాలు నేలకి గట్టిగా ఆనిస్తే నడుము తిరుగుతాది, ఆ తిరుగుడు భుజానికి, భుజం నుంచి మోచేతికి, ఆఖరున వేళ్ళకి వస్తాది, చర్నాకోల ఝాడిస్తే పిడి కాడ చిన్న కదలిక కొసకి పోయేసరికి ఎట్ల పెద్దదైతాదో అట్ల. ముందుకాలు మోకాలి దగ్గర కుంగిందంటే ఆ ఊపు అంతా ఆడ్నే కారిపోతాది. 2024 సెప్టెంబర్లో మన ఆర్‌డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ ఆడినప్పుడు నేను పోయి కూర్చోని ఇదే చూసినా, పొద్దున స్పెల్‌లో గుంజ మాదిరి నిలబడే ముందుకాలు సాయంత్రం స్పెల్‌కి మెత్తగా వంగుతాది, చెయ్యి మాత్రం అంతే జోరుగా తిరుగుతాంటాది, బంతి మాత్రం పోదు.

చెనిక్కాయ పీకినోళ్ళకి ఇది చెప్పే పనే లేదు. మొదటి రోజు నడుము వంచి మొదలు కాడ పట్టి లాగితే చెట్టు కాయలతో సహా వస్తాది. పదో రోజుకి నడుము వంగదు, పైన్నే పట్టి ఒట్టి చేత్తో గుంజుతాం, కాడ తెగి చేతికొస్తాది, కాయ భూమిలోనే ఉండిపోతాది, రాత్రికి భుజం నొప్పి అదనం. పిచర్‌కి సెప్టెంబర్ అంటే ఆ పదో రోజు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా 162 మ్యాచులు, స్టార్టర్ అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, వాడు అయిదారు రోజులకోసారి దిగి 90 దాకా బంతులేస్తాడు, సీజన్ మొత్తం ఆరోగ్యంగా ఉంటే అట్ల 30 సార్లకి పైనే. స్టార్టర్ తర్వాత మధ్యలో దిగే రిలీవర్ల కష్టం ఇంకా ఎక్కువ, బుల్‌పెన్‌లో (పిచర్లు వార్మప్ చేసే చోటు) లేపి వార్మప్ చేయిస్తారు, మళ్ళీ అవసరం లేదు కూర్చో అంటారు, ఆ వేసిన బంతులు స్కోర్‌కార్డులో యాడా రావు, వాని చేతికి మాత్రం తెలుసు.

ఇప్పుడు మీ వాదనలకి వస్తా. దాపెట్టుకోవడం అనేది ఉంది. టీమ్ ప్లేఆఫ్స్‌కి ఖాయమైపోతే మేనేజర్ స్టార్టర్‌ని నాలుగైదు ఇన్నింగ్స్‌కే (బేస్‌బాల్ మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్) ఆపేస్తాడు, మధ్యలో ఒగరోజు రెస్ట్ ఎక్కువిస్తాడు, పిచర్ కూడా ప్రతి బంతికీ ప్రాణం పెట్టడు. అట్లాంటోడు అక్టోబర్లో స్టేడియం నిండా జనం అరుస్తాంటే మళ్ళీ 96 వేస్తాడు, మీ ఫ్రెండ్ గెలుస్తాడు. రాడార్ సంగతి ఏందంటే, 2017లో కొలిచే పద్ధతి మారింది, బంతి చెయ్యి వదిలిన చోటే స్పీడ్ చూపియ్యడం మొదలుపెట్టినారు, అంతకుముందు కొంచెం ముందుకొచ్చినాక చూపించేవాళ్ళు, కాబట్టి పాత ఏండ్లతో పోల్చేటప్పుడు జాగ్రత్త, కానీ ఒకే సీజన్లో జులైకీ సెప్టెంబర్‌కీ రెండు మైళ్ళ తేడా వచ్చిందంటే దానికి రాడార్‌ని తిట్టి లాభం లేదు. చలికి కండరాలు బిగుసుకుంటాయి, వేళ్ళకి పట్టు దొరకదు, నిజమే, అయితే మీరు చెప్పేది సెప్టెంబర్ కదా, ఆడ ఏప్రిల్లోనే చలి ఇంకా ఎక్కువ.

చెయ్యి అయిపోయింది అన్న రెండోవాని మాటే నన్ను భయపెట్టేది. అర మైలు, ముప్పావు మైలు మెల్లగా తగ్గితే అది అలుపు, వారం పది రోజుల రెస్ట్‌తో సర్దుకుంటాది. రెండు వారాల్లోనే రెండు మైళ్ళు పడిపోయి, దానితో పాటు బంతి చెప్పిన చోటుకి పోకుండా, వాకులు (నాలుగు బంతులు పక్కకి పోతే బ్యాటర్‌కి ఊరికే దొరికే బేస్) పెరిగి, చెయ్యి వదిలే ఎత్తు కూడా కిందికి దిగిందంటే మోచెయ్యో భుజమో ఏదో చెప్తాంది అని అర్థం. ఇంగొగటి చూడండి, ఫాస్ట్‌బాల్ ఒగటే తగ్గి, అదే ఊపుతో మెల్లగా వేసే చేంజప్ స్పీడ్ అట్లే ఉంటే రెండిటి మధ్య తేడా చిన్నదైతాది, బ్యాటర్‌కి మోసపోయే పనే ఉండదు. 95కి బదులు 94 వేస్తే, 95 బంతి బ్యాటర్ కాడుండే ప్లేట్ చేరే టైముకి 94 బంతి ఇంకా అర అడుగు వెనకే ఉంటాది, ఆ అర అడుగే హోమ్‌రన్, మన సిక్సర్ మాదిరి.

పిచర్ స్ట్రాస్‌బర్గ్ విషయం మీకు తెలిసే ఉంటాది. 2010లో వాని మోచేతికి టామీ జాన్ సర్జరీ అయింది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టర్ టామీ జాన్ అనే పిచర్‌కి వేరే చోటి టెండన్ తీసి మోచేతి లిగమెంట్‌గా పెట్టినాడు, అదే ఆ సర్జరీ. 2012లో వాని టీమ్ వాషింగ్టన్ నేషనల్స్ బ్రహ్మాండంగా ఆడతాండారు, 98 మ్యాచులు గెలిచినారు, అట్లాంటి సీజన్లో చెయ్యి కాపాడాలని సెప్టెంబర్లో స్ట్రాస్‌బర్గ్‌ని సీజన్ మొత్తం మీద 159 ఇన్నింగ్స్ దగ్గర ఆపేసినారు. వాడు లేకుండా ప్లేఆఫ్స్ మొదటి సిరీస్‌లో సెయింట్ లూయిస్ టీమ్ చేతిలో ఓడిపోయినారు, ఆఖరి మ్యాచ్‌లో 6-0 లీడ్ పెట్టుకోని కూడా. దేశమంతా తిట్టింది. 2019లో అదే టీమ్ వరల్డ్ సిరీస్ (ప్లేఆఫ్స్ ఫైనల్) గెలిస్తే అందులో ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు, స్ట్రాస్‌బర్గే. ఆ తర్వాత పెద్ద కాంట్రాక్ట్ ఇచ్చినారు, గాయాలతో 8 మ్యాచులే ఆడి ఆగిపోయినాడు, అది వేరే బాధ. అయినా 2012లో చేసింది సరైన పని అనే నేనంటా, 24 ఏండ్ల పిల్లోని చెయ్యి అది.

2025 వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్ టీమ్ పిచర్ యమమోటో ఆరో మ్యాచ్‌లో 96 బంతులేసి, మరుసటి రోజే ఏడో మ్యాచ్‌లో ఇంకో 34 వేసి డాడ్జర్స్‌ని గెలిపించినాడు గదా అంటారు. గెలిపించినాడు, నేను కూడా కళ్ళనీళ్ళతో చూసినా. అది ఆఖరి రోజు కాబట్టి చేసినాడు, మరుసటి రోజు నుంచి నెలల రెస్ట్ ఉంది. మన బుమ్రాకి ఆస్ట్రేలియా సిరీస్‌లో ఏమైందో చూడండి, 151 ఓవర్లకి పైన వేసి 32 వికెట్లు తీసి, 2025 జనవరిలో సిడ్నీలో ఆఖరి ఇన్నింగ్స్‌కి నడుము పట్టేసి బౌలింగే చేయలేకపోయినాడు.

ప్రశ్న: పిచర్ స్పీడ్‌ని క్రికెట్ ఫాస్ట్ బౌలర్‌తో పోల్చొచ్చా సార్?
– కర్నూలు పాఠకుడు

జవాబు: పోల్చకూడదు. పిచర్ చాప్‌మన్ 2010లో 105.8 మైళ్ళు, అంటే 170 కిలోమీటర్లు వేసినాడు, షోయబ్ అక్తర్ 2003లో 161.3. పిచర్ మోచెయ్యి వంచి విసరొచ్చు, మన బౌలర్ పరిగెత్తుకొచ్చి చెయ్యి చాపే వెయ్యాల. అందుకే పిచర్‌కి మోచెయ్యి పోతాది, బౌలర్‌కి నడుము పోతాది.

ప్రశ్న: మా వానికి 15 ఏండ్లు, స్కూల్ టీమ్‌లో బేస్‌బాల్ పిచర్. వచ్చే వారం టోర్నమెంట్, వరసగా మూడు రోజులు మ్యాచులు, మూడు రోజులూ వీడే వెయ్యాలంట. ఈ మధ్య బంతి ముందు మాదిరి పోవడం లేదు, మోచేతి లోపలి పక్క నొప్పి అంటాడు, బామ్ పూసి పంపిస్తాండా. పంపించొచ్చా?
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, వద్దు. పైన తమ్ముడికి చెప్పింది మొత్తం మీ వానికే ఎక్కువ వర్తిస్తాది, స్పీడ్ తగ్గడం, మోచేతి లోపలి పక్క నొప్పి, రెండూ కలిసి వచ్చినాయంటే బామ్‌తో పొయ్యేది కాదు. ఆ వయసులో ఎముక ఇంకా పెరుగుతాంటాది, లిగమెంట్ లాగిందంటే ఆ పెరిగే చోటే దెబ్బ తగులుతాది. అమెరికాలో పిల్లల కోసం పెట్టుకున్న లెక్క ప్రకారం 15, 16 ఏండ్లోళ్ళు నొప్పి ఏమీ లేకున్నా రోజుకి 95 బంతులు దాటకూడదు, 76 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు మౌండ్ (పిచర్ నిలబడి వేసే దిబ్బ) ఎక్కకూడదు. వరసగా మూడు రోజులు అనే మాటకి ఆ లెక్కలో చోటే లేదు. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి, ఆయన సరే అనేదాకా బంతి పట్టుకోనియ్యొద్దు, ఫీల్డింగ్‌కి పెట్టినా విసరాల్సిందే కాబట్టి అది కూడా వద్దు. పీఈటీ సార్‌కి మీరే ఈరోజు ఫోన్ చేసి చెప్పండి, వాడు చెప్తే భయపడతాంటాడు అంటారు, మీరు చెప్తే వేరే పిల్లోన్ని తయారు చేసుకునేదానికి ఆయనకి ఇంకా వారం టైముంది.