ఆ ఫైలు తెరుస్తున్నది ఎవరో ముందు రాయి

విజయనగరం

చిరంజీవి తమ్ముడికి,

సర్వర్ మీద స్కూలు వెబ్‌సైటు ఫైళ్లు తెరుచుకోకపోవడం గురించి ఆమదాలవలస నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాత్రి రెండింటికి ఆ సైటు చూపించిన తెల్ల పేజీ ముందు కూర్చుని, తెల్లారితే స్కూలు వాళ్లకి ఏం చెప్పాలా అని భయపడ్డావని రాశావే, ఆ నాలుగు లైన్లు బాగున్నాయి. తర్వాతి పేరాలో "ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ 777 ఇవ్వండి, సమస్య పోతుంది" అన్నావు. కాగితాలు అక్కడే కింద పెట్టేశాను. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

సమస్య పోలేదు తమ్ముడూ, కంటికి కనబడడం మానేసింది. సీహెచ్‌మాడ్ అనేది లైనక్స్‌లో ఫైళ్ల అనుమతులు మార్చే కమాండ్. దాని మూడంకెలు వరసగా యజమానికి, అతని గుంపుకి, మిగతా అందరికీ ఇచ్చే అనుమతులు. 777 అంటే ఆ మెషిన్ మీద ఖాతా ఉన్న ప్రతివాడూ, నడిచే ప్రతి ప్రోగ్రామూ అందులో రాయొచ్చు, చెరపొచ్చు. నా తొలి రోజుల్లో ఇక్కడి ఒక కాలేజీకి ఫలితాల పేజీ చేశాను. ఫొటోలు అప్‌లోడ్ కావడం లేదని 777 పెట్టి ఇంటికెళ్లి పడుకున్నాను. ఒకే మెషిన్ మీద ఎన్నో సైట్లుండే షేర్డ్ హోస్టింగ్ అది. మూడు వారాల తర్వాత, మేం పెట్టని పీహెచ్‌పీ ఫైలొకటి, అంటే సర్వర్ మీద నడిచే ప్రోగ్రామొకటి, ఆ ఫోల్డర్‌లో ఉంది. ఫలితాల రోజున పేజీ నిండా మందుల ప్రకటనలు. కోట దగ్గర నెట్ సెంటర్‌లో హాల్‌టికెట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లల మొహాలు ఇప్పటికీ మర్చిపోలేదు.

నువ్వు లాగిన్ అయి చూస్తే ఫైలు చక్కగా తెరుచుకుంటుంది. బయటివాళ్లు పేజీ అడిగినప్పుడు తెరవబోయేది వేరే యూజర్, వెబ్ సర్వర్ ఏ పేరు మీద నడుస్తుందో ఆ యూజర్. ఉబుంటు అనే లైనక్స్‌లో అపాచీ అనే వెబ్ సర్వర్ అయితే మామూలుగా ఆ యూజర్ పేరు డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా, సెంటాస్ అనే ఇంకో లైనక్స్‌లో యూజర్ పేరు కూడా అపాచీయే. వేరే యూజర్‌గా కమాండ్ నడిపే సుడో -యు పక్కన ఆ పేరు పెట్టి, ఫైలులో ఉన్నది తెర మీద చూపే క్యాట్‌తో అదే ఫైలుని చూడు. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. నీ వ్యాసంలో ఆ యూజర్ ఊసే లేదు.

మన పక్క పాత మండువా ఇళ్లు చూశావు కదా. దేవుడి గది బార్లా తీసి ఉన్నా, వీధి తలుపు గడియ పడి ఉంటే లోపలికెలా వెళ్తాం? ఫైలు 644 ఉంటే, అంటే అందరూ చదవొచ్చని ఉంటే, చాలదు. దాని పైనున్న ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ యూజర్‌కి ఎగ్జిక్యూట్ అనుమతి, అంటే లోపలికి వెళ్లే అనుమతి, ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు (ఒక్కో యూజర్ సొంత ఫోల్డర్లు) 750తో వస్తున్నాయి, అంటే యజమానికి, అతని గుంపుకి తప్ప ఎవరికీ లోపలికి దారి లేదు. సైటుని హోమ్‌లో పెట్టుకున్న వాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. నేమ్‌ఐ -ఎల్ అనే కమాండ్ కొట్టి పూర్తి దారి ఇస్తే ఏ తలుపు మూసి ఉందో వరసగా చూపిస్తుంది.

ఇంకోటి. "పర్మిషన్ డినైడ్", "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" రెండూ ఒకటే అన్నట్టు రాశావు. మొదటిది అనుమతి లేదంటుంది, రెండోది అలాంటి ఫైలే లేదంటుంది. రెండోదానికి అనుమతులతో పనే లేదు. స్క్రిప్టు వేరే ఫోల్డర్‌లో నిలబడి వెతుకుతూ ఉండొచ్చు. విండోస్ లాప్‌టాప్‌లో నడిచిన పేరు లైనక్స్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో దొరక్కపోవచ్చు. సెంటాస్ లాంటి వాటిలో సెలైనక్స్ అనే అదనపు కాపలా అడ్డుపడితే 777 పెట్టినా లాభం లేదు. అప్పుడు ఎల్‌ఎస్ -జెడ్ కొట్టి, ఫైలు మీద సెలైనక్స్ ముద్ర ఏముందో చూడాలి.

సర్వర్ తన తప్పులు రాసుకునే లాగ్‌లోని లైను ఉన్నదున్నట్టు వ్యాసంలో పెట్టు. ఒక పత్రిక ఎడిటర్ నా వ్యాసంలో లాగ్ లైన్లన్నీ కోసేసి, పర్మిషన్ డినైడ్‌ని "అనుమతి నిరాకరించబడినది" అని మార్చేశాడు. పాఠకుడి తెర మీద ఆ మాట ఎక్కడుంది? దేన్ని పట్టుకుని వెతుక్కుంటాడు? ఆ కోపం నాకింకా పోలేదు. ఐదు నిమిషాల్లో పరిష్కారం అనే శీర్షికల ఫ్యాషన్ కూడా అలాంటి వాళ్లు పెట్టిందే. నువ్వు ఆ దారి పట్టకు.

 ఆ స్కూలు సర్వర్ ఇంకా నీ చేతిలోనే ఉంటే ఈ రాత్రే 777 తీసెయ్. అప్‌లోడ్ ఫోల్డర్ ఒక్కదాన్నే వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదకి మార్చి 750 పెట్టు, అందులో పీహెచ్‌పీ నడవకుండా ఆపు. నువ్వు పెట్టని ఫైళ్లేమైనా ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూడు. చూశాక నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

ఆశీస్సులతో,
మీ అన్న