డాక్టర్ల పేపర్లకు లెక్క చూసే కొలువు

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి ఏడాది. ఎమ్మెస్సీ చెయ్యదట. లైబ్రరీ సైన్స్ చదివి, మెడికల్ కాలేజీలో డాక్టర్ల రీసెర్చ్ పేపర్ల వివరాలు చూసే ఉద్యోగం చేస్తానంటోంది. బీరువాల్లో పుస్తకాలు సర్దడానికి ఇంత చదువెందుకని మా ఇంట్లో దిగులు. ఏం చెయ్యమంటారు?

జవాబు: నమస్కారమండీ. అమ్మాయి చాలా ఆలోచించే అడిగినట్టుంది. మెడికల్ కాలేజీలో పై మెట్టు ఎక్కాలంటే డాక్టరుకు పేపర్లు కావాలి. కేంద్ర విద్యాశాఖ కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకైతే కాలేజీ మొత్తం మీద ఎన్ని పేపర్లు వచ్చాయి, తర్వాత రాసినవాళ్లు వాటిని ఎన్నిసార్లు ఉదహరించారు అని చూస్తారు. ఆ వివరాలు తేల్చే పని చాలాచోట్ల లైబ్రరీ మీదే పడుతుంది.

అదేమంత కష్టమనుకుంటారేమో, మన పేర్లే తీసుకోండి. ఊరికే ఉదాహరణకు, కొత్తపల్లి వెంకట సుబ్బారావు అనే డాక్టరుగారు ఉన్నారనుకుందాం. ఒక జర్నల్ ఆయన్ని ‘రావు కె.వి.ఎస్.’ అని వేస్తుంది, ఇంకొకటి ‘సుబ్బారావు కె.వి.’ అంటుంది, మూడోది ‘కొత్తపల్లి వి.ఎస్.ఆర్.’ అంటుంది. కంప్యూటర్‌కి వీళ్లు ముగ్గురు మనుషులు. పైగా రావులు ఎంతమంది! పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న డాక్టరమ్మల పేపర్లయితే రెండు పేర్ల కింద చీలిపోతాయి. ఇరవై ఏళ్ల కష్టం ముక్కలై కనిపిస్తే ఆ మనిషికి ఎంత అన్యాయం! దీనికోసమే 2012లో ఆర్కిడ్ వచ్చింది. పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే 16 అంకెల గుర్తింపు అది. డాక్టర్లను కూర్చోబెట్టి ఆర్కిడ్ తీయించడం, రీసెర్చ్ పేపర్ల వివరాలు భద్రపరిచే స్కోపస్ అనే డేటాబేస్‌లో చీలిన ప్రొఫైళ్లను కలపమని అర్జీ పెట్టడం, ఇంకెవరి పేపరో వచ్చి చేరితే తీయించడం, ఇవన్నీ మీ అమ్మాయి చెయ్యబోయే పనులు. తెలుగు పేర్ల తీరు పుట్టుకతో తెలిసిన పిల్ల కాబట్టి ఇందులో ఆమెకు ఒక మెట్టు ఎక్కువే.

అంకెలు తెలిస్తే చాలదు, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియాలి. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు. కనీసం పదేసి సార్లు ఉదహరించిన పేపర్లు పది ఉంటే హెచ్-ఇండెక్స్ 10. ఒకే డాక్టరుకు, పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఇది ఎక్కువగా, స్కోపస్‌లో తక్కువగా కనిపించడం మామూలే. స్కాలర్ థీసిస్‌లూ ఇంటర్నెట్‌లో దొరికే ఇతర పత్రాలూ కలుపుకుంటుంది, స్కోపస్ తాను ఎంచుకున్న జర్నళ్లు, పుస్తకాలు, కాన్ఫరెన్స్ పత్రాల వరకే చూస్తుంది. పబ్‌మెడ్ అనే ఉచిత వెబ్‌సైటులో వైద్యానికి సంబంధించిన పేపర్లు చక్కగా దొరుకుతాయి గానీ హెచ్-ఇండెక్స్ ఉండదు. ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక జర్నల్‌లోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకె, జర్నల్‌ది. అందులో అచ్చయిన ఒక్కో పేపరు విలువ దాన్నిబట్టి చెప్పకూడదు. అయినా ఇంటర్వ్యూల్లో అడుగుతూనే ఉంటారు, అది నాకు బాధగా ఉంటుంది. డబ్బు పుచ్చుకుని ఏది పడితే అది అచ్చేసే నకిలీ జర్నళ్లను పసిగట్టి కుర్ర డాక్టర్లను కాపాడగలిగితే అంతకన్నా పుణ్యం లేదు.

చదువు మీరుంటున్న బెంగళూరులోనే ఉంది. మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్‌లోని డీఆర్‌టీసీ అనే లైబ్రరీ సైన్స్ కేంద్రంలో రెండేళ్ల ఎంఎస్ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. 1962లో ఆ డీఆర్‌టీసీని పెట్టింది మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి తండ్రి వంటి ఎస్.ఆర్. రంగనాథన్. అంతకుముందు ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. పాఠకుడి సమయం వృథా కానివ్వకు అన్నది 1931లో ఆయన చెప్పిన అయిదు సూత్రాల్లో ఒకటి. అక్కడ సీటు రాకపోతే విశ్వవిద్యాలయాల్లో బీలిబ్, ఎంలిబ్ అనే లైబ్రరీ సైన్స్ డిగ్రీలు ఉన్నాయి.

ఉద్యోగాల సంగతి దాచను. ప్రభుత్వ కొలువులు కొద్ది, నోటిఫికేషన్ కోసం ఏళ్లు చూడాల్సి రావచ్చు. ప్రైవేటు కాలేజీల్లో మొదట్లో ఇచ్చే జీతం బెంగళూరు అద్దెలకు చాలకపోవచ్చు. మైక్రోబయాలజీ తెలిసిన లైబ్రేరియన్‌కు క్లినికల్ రీసెర్చ్ కంపెనీల్లో పేపర్లు వెతికిపెట్టే పనులూ ఉంటాయి కాబట్టి దారి మూసుకుపోదు. ఇంగ్లీషు రాత, ఎక్సెల్, వీలైతే కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పటినుంచే పట్టమనండి.

ఫారం నింపేముందు ఒక పని చేయించండి. తన కాలేజీలో ఎవరైనా ఒక ప్రొఫెసర్‌ని అడిగి, వారి పేపర్లన్నీ పబ్‌మెడ్‌లోనూ గూగుల్ స్కాలర్‌లోనూ వెతికి ఒక జాబితా రాయమనండి. రెండు చోట్లా సంఖ్య కలవదు. ఏది ఎందుకు తప్పిందో ఒక్కో పేపరు పక్కన రాసి, ఆ ప్రొఫెసర్‌కే చూపించమనండి. వారం రోజులు ఆ పనిలో మునిగితే సంతోషంగా పంపించండి. రెండో రోజుకే విసుగొస్తే ఎమ్మెస్సీ మాట మళ్లీ ఎత్తవచ్చు.