కొమ్మ తగిలి విరిగిన యాంటెనా

ప్రశ్న: మేము అమెరికాలోని టెక్సస్‌లో ఉంటున్నాము. సెలవుల్లో ట్రావెల్ ట్రెయిలర్‌లో (బండి వెనుక తగిలించి లాగే చక్రాల ఇంట్లో) తిరుగుతుంటాము. గత నెల క్యాంపు నుంచి బయలుదేరుతూ పైకప్పు మీది రెక్కల యాంటెనాను దించడం మరచిపోయాము. చెట్టుకొమ్మ తగిలి ఒక రెక్క విరిగింది, టీవీలో ఛానళ్లు రావడం లేదు. లోపలి పిడి తిప్పితే కాడ మాత్రం మామూలుగానే లేచి దిగుతోంది. బాగుచేయించాలా, కొత్తది వేయించాలా? – ఒక పాఠకుడు, ఆస్టిన్

జవాబు: కాడ సాఫీగా లేచి దిగుతోందంటే అడుగున ఉన్న గేరు బహుశా చెడిపోలేదు కనుక, మీకు తక్కువ ఖర్చుతోనే పని జరిగే అవకాశం ఉంది. అయితే టీవీ సంగతి తర్వాత చూడవచ్చు. కొమ్మ లాగిన బలమంతా కాడ మీదుగా అడుగుపళ్లేనికే చేరుతుంది కనుక, దాని చుట్టూ నీరు దిగకుండా పూసిన సీలెంట్ పగిలిందేమో, పళ్లెం కదులుతోందేమో ముందుగా చూడాలి. లోపల పిడి చుట్టూ సీలింగ్‌పై చెమ్మ మరక కనిపించినా, అక్కడ వేలితో నొక్కితే మెత్తగా తగిలినా నీరు దిగుతున్నట్లే. రెక్క విరిగితే పోయేది కొన్ని ఛానళ్లు. నీరు దిగితే కుళ్లేది పైకప్పు కింది చెక్క. మీ ట్రెయిలర్ పైకప్పు మనిషి బరువును మోస్తుందో లేదో తెలుసుకోకుండా పైకి ఎక్కవద్దు.

పళ్లెం గట్టిగా ఉంటే రెక్కల భాగాన్ని మాత్రమే మార్చుకోవచ్చు; అది విడిగా దొరుకుతుంది, చాలా నమూనాల్లో పిన్నులు తీసి కొత్తది బిగిస్తే సరిపోతుంది. కొనేముందు కేబుల్‌ను పరీక్షించండి. ఇటువంటి యాంటెనా తలలో ఉండే, సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్‌కు, గోడ మీది స్విచ్ పలక నుంచి, సిగ్నల్‌ను టీవీకి తెచ్చే అదే కోయాక్సియల్ కేబుల్ ద్వారా 12 వోల్టుల విద్యుత్తు వెళుతుంది. స్విచ్ ఆపి పైచివర కనెక్టర్ విప్పి, మళ్లీ స్విచ్ వేసి మల్టీమీటర్‌తో నడిమి తీగకూ అంచుకూ మధ్య కొలిచినప్పుడు దాదాపు 12 వోల్టులు కనిపిస్తే, కేబుల్‌లో విద్యుత్తు అందుతోందన్నమాట. కనిపించకపోతే లోపం కేబుల్‌లోనో, స్విచ్ పలకలోనో, దానికి వచ్చే ఫ్యూజులోనో ఉన్నట్లు, కొత్త రెక్కలతో అది తీరదు. తిరిగి బిగించే ముందు స్విచ్ మళ్లీ ఆపాలి. నడిమి తీగ అంచుకు తగిలితే ఫ్యూజు పోతుంది.

పళ్లెం చీలినా, గేరు జారుతున్నా, మొత్తం మార్చడమే నయం. అప్పుడు పిడి అవసరం లేని, అన్ని దిక్కుల నుంచీ సిగ్నల్ అందుకునే గుండ్రటి యాంటెనా పెట్టించుకోవచ్చు. దించడం మరచిపోయే బెడద దానికి లేదు, కానీ దూరపు స్టేషన్లను పట్టడంలో రెక్కలదే పైచేయి. దూరదర్శన్ రోజుల్లో మేడ మీద గొట్టం తిప్పుతూ ‘వచ్చిందా?’ అని కిందికి కేకలు వేసినవారికి దిక్కు విలువ చెప్పనక్కరలేదు. మీరు ఊళ్లకు దూరంగా ఉన్న పార్కులకే ఎక్కువగా వెళ్తుంటే, నా ఓటు రెక్కల యాంటెనాకే.

ఏది పెట్టినా, పాత సీలెంట్‌ను పూర్తిగా గీకి తీసి, పళ్లెం కింద బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) పరచి, స్క్రూల మీదా అంచుల మీదా దానంతటదే సమంగా పరచుకునే సీలెంట్ పోయాలి. మీది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పైకప్పయితే మామూలు సిలికోన్ దానికి సరిగా అంటుకోదు. పెట్రోలియం ద్రావకాలతో తుడిస్తే రబ్బరే పాడవుతుంది.

బిగింపు పూర్తయ్యాక స్విచ్ వేసి, టీవీలో ఛానళ్లను మళ్లీ వెతికించండి. దిగిన ప్రతి కొత్త ఊళ్లోనూ ఇది చేయవలసిందే.