బావి మీది గాలిమర: ముందు నిలబడాలి, తర్వాతే తిరగాలి

ప్రశ్న: భీమిలి దగ్గర మా పొలంలో తాతయ్య పెట్టించిన నీళ్ల గాలిమర ఉంది. కరెంటు మోటారు వచ్చాక వదిలేశాం. చేత్తో తిప్పినా చక్రం కదలదు. రంగేసి మళ్లీ తిప్పుదామని ఊళ్లో కుర్రాళ్లు అంటున్నారు. ఇది ఏ కాలానిది? ఎక్కడ మొదలెట్టాలి?
– ఒక పాఠకుడు, విశాఖ జిల్లా

జవాబు: రంగు డబ్బా పక్కన పెట్టండి. ముందు రెక్కలు లెక్కపెట్టండి, గేరుపెట్టె మీది పోత అక్షరాలు తుడిచి చూడండి. వయసు తేల్చేవి అవే. ఈ జాతికి మూలం 1854లో అమెరికాలో డేనియల్ హాలడే చేసిన యంత్రం. దాని రెక్కలు చెక్కవి. మన దగ్గర 1960ల్లో బెంగళూరు నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ డబ్ల్యూపీ-2 రకాన్ని రూపొందించింది. తర్వాత వచ్చిన 12పీయూ500కి 12 రెక్కలు, చక్రం అడ్డుకొలత 5 మీటర్లు.

పైకెక్కే ముందు గాలిమర కాళ్లు చూడాలి. కాలి ఇనుప యాంగిల్ కాంక్రీటులోకి దిగే చోట మట్టి తవ్వి, సుత్తితో తట్టండి. ఖంగుమంటే ఇనుము ఉంది. మొద్దుగా పలికినా, పెచ్చులు రాలినా ఎవరినీ ఎక్కనివ్వకండి. వాన నీరు నిలిచేదీ, ఉప్పు పేరుకునేదీ అక్కడే. తుప్పు గీకి జింక్ ప్రైమర్ పూయండి, కాంక్రీటును బయటికి వాలుగా చేయించండి. బాగున్న జింక్ పూతను మాత్రం వైరు బ్రష్‌తో గీకకండి. మెరుస్తాయని స్టీలు బోల్టులు బిగించొద్దు, ఉప్పుగాలిలో వాటి చుట్టూ ఉన్న జింకే ముందు పోతుంది. జింక్ పూత బోల్టులే కొనండి.

చక్రం బిగుసుకుంటే తప్పు తరచు పైన ఉండదు, బావిలో ఉంటుంది. తోలు వాషర్ ఎండి ముడుచుకుని, పిస్టన్ సిలిండరుకు అతుక్కుపోతుంది. చక్రాన్ని తాడుతో కట్టేశాకే పంపు రాడ్డు (పైనుంచి పిస్టన్‌కు దిగే కడ్డీ) విప్పండి. బరువు లేని చక్రం గాలికి అదుపు తప్పుతుంది. రాడ్డు విప్పాక తాడు వదులు చేసి చేత్తో తిప్పితే కదిలిందా, పని బావిలోనే. కొత్త వాషర్‌ను రాత్రంతా నూనెలో నానబెట్టి వేయండి, పైపు అడుగున నీటిని వెనక్కి పోనివ్వని ఫుట్ వాల్వ్‌లో ఇసుక కడగండి. కదలకపోతే గేరుపెట్టెలో గడ్డకట్టిన పాత నూనె తీసి, కిరసనాయిలుతో కడిగి, పల్చటి నూనె పోయండి. ఏడాదికోసారి మార్చాలి.

తుఫాను కబురు రాగానే, చక్రాన్ని గాలికి ఎదురుగా నిలిపే తోక మడిచి, బ్రేకు వేసి, చక్రం కట్టేయండి. గాలి వేగం 8 రెట్లయితే దాని నెట్టుడు 64 రెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: కరెంటు గాలిమరకు మూడే రెక్కలు, దీనికిన్ని ఎందుకు?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: ఇది బావిలోని నీటి బరువును మోస్తూనే కదలడం మొదలెట్టాలి, అదీ చిరుగాలికి. రెక్కలు ఎక్కువైతే మొదటి ఊపుకు బలం వస్తుంది, వేగం తగ్గుతుంది. పంపుకు కావలసిందీ అదే. జనరేటరుకు వేగం కావాలి, అందుకే మూడు.