అటక మీద దొరికిన ఆ ఇత్తడి యంత్రం సేమ్యా మిషన్ కావచ్చు

మీ తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఓ ఇత్తడి యంత్రం దొరికిందనీ, అదేమిటో చెప్పమనీ పోస్టులో అడిగారు. పక్కన తిప్పే పిడి, పైన గరాటులాంటి నోరు, ముందు సన్న చిల్లుల బిళ్ల, కింద బిగించే మర. చూసినవాళ్లంతా ఖీమా మిషన్ అంటున్నారనీ, మీదేమో మాంసం ముట్టని ఇల్లనీ రాశారు. నాకైతే అది సేమ్యా మిషనే అనిపిస్తోంది.

తేల్చుకోవడం తేలికే. ముందున్న రింగు విప్పి బిళ్ల తీయండి. లోపల మెలికలు తిరిగిన కడ్డీ ఉంటుంది. ఖీమా మిషన్‌లో ఆ కడ్డీకీ బిళ్లకీ మధ్య నాలుగు రెక్కల బ్లేడు తిరుగుతుంది. పాతదాంట్లో బ్లేడు పోయి ఉండొచ్చు కాబట్టి కడ్డీ కొస చూడండి. బ్లేడు తొడగడానికి చదరంగా చెక్కిన మొన ఉంటే అది ఖీమాదే. అలాంటిదేమీ లేకుండా, చిల్లులు రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటే సేమ్యాది. పిండిని కోసే పని లేదు, ఒత్తితే చాలు.

హైదరాబాద్ పాతబస్తీ లాల్ దర్వాజలో మా అమ్మమ్మ ఇంట్లో ఇలాంటిదే ఉండేది. కింది మరతో దాన్ని మంచం పట్టెకు బిగించేవాళ్లు. ఒకరు పిండి ముద్దలు వేస్తుంటే ఇంకొకరు పిడి తిప్పేవారు, జారే పోగుల్ని పిల్లలం అందుకుని మంచం మీద పాత చీరపై ఆరబెట్టేవాళ్లం. పిండి పలచనైతే పోగులు ముద్దకట్టేవి, గట్టిదైతే పిడి కదిలేది కాదు. ఆ పాకం చేతికి తెలియాల్సిందే! సేమ్యా ఎండల్లోనే చేసుకునేవాళ్లం, 1980ల చివర్లో రంజాన్ కూడా ఎండాకాలంలోనే వచ్చేది. మా పాయసం సేమ్యా అవగానే అదే మిషన్ షీర్ ఖుర్మా (రంజాన్ పండక్కి చేసే పాల సేమ్యా) కోసం పక్కింటి ఖాలా వాళ్లింటికి వెళ్లేది. మీ తాతగారిది పాతబస్తీ ఇల్లే అయితే అది ఎన్ని ఇళ్లు తిరిగిందో పెద్దవాళ్లని తప్పకుండా అడగండి.

చిల్లుల్లో ఎండిన పిండి ఉంటే గుండుసూదితో పొడవొద్దు. ఇత్తడి మెత్తన, చిల్లులు పెద్దవైపోతాయి. బిళ్లను వేడినీళ్లలో నానబెట్టి చీపురు పుల్లతో తీయండి. పచ్చటి చిలుము చింతపండు, ఉప్పు వేసి తోమితే పోతుంది. తర్వాత వెంటనే తుడిచి ఆరబెట్టాలి, లోపలి కడ్డీ ఇనుముదైతే తుప్పు పడుతుంది. దయచేసి పాతసామాను వాళ్లకు కిలో లెక్కన మాత్రం ఇచ్చేయకండి. ఇంకా బాగా పనిచేసే వస్తువది. కడ్డీ కొస ఫొటో పెడితే ఖాయంగా చెప్తాను.