చేపల పులుసుకు తోడుగా ఏం తాగాలి? సోడా కొట్టువాడి కొడుకు జవాబు

"హైదరాబాదు నుంచి స్నేహితులు వస్తున్నారు. నెల్లూరు చేపల పులుసు పెడదామనుకుంటున్నాను. దానికి జోడీగా తాగడానికి ఏమిస్తే భోజనం రక్తి కడుతుంది? వైనా, నిమ్మ సోడానా, కూల్ డ్రింకా?" అని అడిగారు. మూడూ వద్దు. గంజి ఇవ్వండి.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ పూర్తిగా చదివి నవ్వుకోండి. ఈ మాట చెబుతున్నది సోడా కొట్టువాడి కొడుకు. కావలిలో మా నాయనకు ఇరవై ఏళ్ళకు పైగా గోలీ సోడా కొట్టు ఉండేది. బడి సెలవులిస్తే మిషను తిప్పే పని నాది. నీళ్ళు నింపిన సీసాను మిషనులో బిగించి, గ్యాసు వదిలి, గిరగిరా తిప్పితే సీసా తలకిందులైనప్పుడు లోపలి ఒత్తిడికి గోలీ జారి వచ్చి మెడ దగ్గరి రబ్బరుకు అతుక్కుంటుంది. వేరే మూత అక్కర్లేదు. ఈ సీసాకు 1872లో పేటెంటు తీసుకున్నవాడు హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు మనిషి. ఆయన పేరు మా నాయనకు తెలియదు గానీ, రబ్బరు అరిగిన సీసాను మాత్రం చేతిలోకి తీసుకోగానే పట్టేసేవాడు. ఒకసారి సీసా పేలి నా ఎడమ మణికట్టు దగ్గర గాజుపెంకు దిగింది, ఆ మచ్చ ఇంకా ఉంది. అయినా సోడా మీద నాకు పగ లేదు, దాని డబ్బులతోనే చదువుకున్నాను. పులుసు పక్కన దాన్ని పెట్టవద్దని మాత్రమే చెబుతున్నాను.

1994 మే నెలలో మా బావ మొదటిసారి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఆయనది తణుకు. పులస తిన్న నాలుకకు మన చేప ఏమాత్రం ఆనుతుందోనని మా అమ్మకు బెంగ. ముందురోజు సాయంత్రమే కొర్రమీను తెప్పించి, రాళ్ళ ఉప్పుతో జిగురు పోయేదాకా రుద్ది కడిగి, మట్టి దాకలో పులుసు పెట్టింది. ఉలవపాడు మామిడికాయను టెంకతో సహా కోసి వేసింది. (జిల్లా గీతలు ఎటు జరిపినా ఉలవపాడు మామిడి మాదే అంటాం మేము, ఒంగోలు వాళ్ళు ఒప్పుకోరు.) ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, గుడ్డతో దాక అంచులు పట్టుకుని కుదపాలి. రాత్రంతా అలా వదిలేస్తే తెల్లారేసరికి ముక్క పులుసును పీల్చుకుని, పైన ఎర్రటి నూనె తేలి ఉంటుంది. వండిన పూట తినేవాళ్ళకు ఆ రుచి తెలియదు. మీరు కూడా అతిథులు వచ్చే ముందురోజే వండండి, ఇది మీరు అడగకపోయినా చెబుతున్నాను.

ఇంతవరకు బాగానే ఉంది. సంబరంలో అమ్మ కారం రెండు సార్లు వేసిందని తర్వాత తేలింది. పొగలు కక్కే మొలకొలుకుల అన్నం, దాని మీద పులుసు. రెండు ముద్దలకు బావ "చాలా బాగుంది అత్తయ్యగారూ" అన్నాడు. నాలుగో ముద్దకు మాటలు ఆగాయి. ఆరో ముద్దకు ముక్కు మీద చెమట బొట్లు వరసగా నిలబడ్డాయి, చెవులు పులుసు రంగుకు తిరిగాయి. కొత్త అల్లుడు కదా, నీళ్ళు అడగడానికి మొహమాటం.

అది చూసి మా నాయన ఛాతీ పొంగించుకుని లేచాడు. ఆ రోజు కోసమని కొట్టు నుంచి ఒక పెట్టె నిండా సోడాలు తెచ్చి తడి గోనెసంచి కప్పి ఉంచాడు. బొటనవేలితో గోలీ టప్పున నొక్కి, "అల్లుడు గారూ, ఇది పుచ్చుకోండి, ఇట్టే తగ్గిపోతుంది" అన్నాడు. బావ ఒక్క గుక్కలో సగం సీసా దించాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత కళ్ళు పెద్దవై, ఎక్కిళ్ళు మొదలై, మూడో ఎక్కిలికి సోడా ముక్కులో నుంచి వచ్చేసింది. కొత్త పట్టుపంచె మీద పులుసు మరకలు. మా అక్క తలుపు వెనకాల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే ఒక్కోసారి ఒక్కో మాట చెబుతుంది.

"ఒరే, కాలిన పుండు మీద ఉప్పు చల్లుతావేమిరా!" అని మా అవ్వ నాయన మీద లేచింది. మేనత్త మజ్జిగ తేబోతే అదీ ఆపేసింది. "చేప మీద మజ్జిగా? పిల్లవాడికి బొల్లి మచ్చలు వస్తే వాళ్ళ అమ్మకు నువ్వు జవాబు చెబుతావా?" తర్వాత అమ్మ వైపు తిరిగి, "గంజి పారబోశావా?" అంది.

"లేదత్తయ్యా, బర్రెకు కుడితిలోకని తీసిపెట్టాను" అంది అమ్మ, గొంతు బాగా తగ్గించి.

"ఇంకా కుడితిలో కలపలేదు కదా, పట్టుకురా."

గోరువెచ్చటి గంజి, అందులో చిటికెడు ఉప్పు, చేతిలో ఒక బెల్లం ముక్క. బెల్లం బుగ్గన పెట్టుకుని గంజి కొంచెం కొంచెంగా నోట్లో తిప్పి మింగమంది అవ్వ. సగం గ్లాసు అయ్యేసరికి ఎక్కిళ్ళు ఆగాయి. గ్లాసు అయ్యేసరికి ఇంకో ముక్క వేయమన్నాడు. బర్రె వాటా అల్లుడు తాగాడని మా వీధిలో చాలా కాలం చెప్పుకున్నారు.

ఆ తర్వాత డిగ్రీలో రసాయనశాస్త్రం చదివాక నాకు సంగతి అర్థమైంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు. నీళ్ళు తాగితే మంటను నోరంతా పులుముకున్నట్టే. సోడా ఇంకా అన్యాయం. సోడాలో మనకు తగిలే చురుకు బుడగలది కాదు, గ్యాసు నీళ్ళలో కరిగి తయారయ్యే కార్బోనిక్ ఆమ్లానిది. అదీ నాలుక మీద మంటగానే తెలుస్తుంది, అంటే మంటకు మంట తోడు. పాలు, మజ్జిగ పనిచేసేది వాటిలోని కేసీన్ అనే మాంసకృత్తు ఆ క్యాప్సైసిన్‌ను పట్టుకుని కడిగేస్తుంది కాబట్టి. తీపి కూడా మంటను మరిపిస్తుంది. గంజిలో కేసీన్ లేదు కదా అంటారేమో. గంజిలోని పిండి నాలుక మీద పల్చటి పొరలా పరుచుకుంటుందని నా వాదన. పరిశోధన పత్రం చూపించమంటే చూపించలేను, మా బావను చూపిస్తాను.

చేపా పెరుగూ కలిస్తే బొల్లి వస్తుందన్నది ఒట్టి మాట. ఒంట్లోని రక్షణ వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తే వచ్చేది బొల్లి. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుంటారు, వాళ్ళకేం కాలేదు. ఇదంతా తెలిసి కూడా నేను ఇప్పటికీ పులుసు తిన్న విస్తట్లో పెరుగు వేసుకోను. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది, అయినా చెయ్యి రాదు.

అసలు నా బాధ వేరు. ఇళ్ళలో గంజి వార్చడమే మానేశారు. అందరూ కుక్కర్లో మూడు విజిల్స్ వేయించి దించేస్తారు, అన్నం ముద్దగా, గంజి మాయం. నెల్లూరు అంటేనే వరి అన్న పేరున్న నేల మీద గంజి అనగానే జ్వరమొచ్చిందా అని అడుగుతున్నారు. పైగా హోటళ్ళలో కొత్త జబ్బు ఒకటి, బిర్యానీ చెబితే ప్లాస్టిక్ కూల్ డ్రింకు సీసా దానంతటదే బల్ల మీదకు వస్తుంది. వద్దంటే ఉచితమంటారు. ఉచితమైతే నోరు కాలదా? హైవే మీద ఒక హోటల్లో మజ్జిగ అడిగితే లేదని, పుచ్చకాయ రుచి సోడా ఉందని చెప్పారు. లేచి వచ్చేశాను, ఆ పూట కడుపు మాడింది.

మీ విందు సంగతికి వద్దాం. ఒక గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్ళు పోసి గిన్నెలో వండండి, మెతుకు పలుకు మీద ఉండగానే వార్చండి. ఆ గంజిలో ఉప్పు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, అంతే. నిమ్మరసం పిండకండి, చింతపండూ మామిడీ ఇచ్చిన పులుపు చాలు. గోరువెచ్చగా, చిన్న స్టీలు గ్లాసుల్లో పోయండి. గాజు గ్లాసులో పోసి పుదీనా ఆకు గుచ్చారో, నా పేరు చెప్పకండి.

వైన్ ఇప్పటికే కొని ఉంటే అది తెల్లదో ఎర్రదో చూసుకోండి. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేపతో కలిసి నోట్లో నీచు వాసన రేపుతుందని జపాను వాళ్ళు 2009లో తేల్చారు. తెల్లదైనా సారాయి గుణం మంటను ఎగదోస్తుంది, కాబట్టి దాన్ని వంజరం వేపుడుతో ముగించి పులుసు దగ్గరికి రానివ్వకండి. తాటికల్లు కూడా అంతే, పొద్దున్నే తీపిగా ఉన్నప్పుడు వేపుడుకు సరిజోడు, ఎండెక్కి పులిశాక పులుసుకు పనికిరాదు. ఎర్రకారం దోసెకు చిక్కటి మజ్జిగ, అక్కడ చేప గొడవ లేదు కాబట్టి నిశ్చింతగా తాగవచ్చు.

సోడా అసలే వద్దా అంటే, ఉంది, దానికీ ఒక సమయం ఉంది. ఆ రోజు భోజనాలయ్యి, బావ పడుకుని లేచాక, సాయంత్రం నాలుగు గంటలకు మా నాయన ఏమీ మాట్లాడకుండా వరండాలో ఆయన పక్కన కూర్చున్నాడు. జీలకర్ర, ఉప్పు వేసిన గ్లాసులో సోడా పోసి, అది పొంగి దిగేదాకా ఆగి అందించాడు. బావ ముందు గ్లాసు వైపు, తర్వాత మామగారి వైపు చూసి, భయపడుతూనే తాగాడు. కాసేపటికి ఇల్లంతా వినపడేలా త్రేన్చాడు. మా నాయన తలుపు వైపు తిరిగి, లోపల ఉన్న అవ్వకు వినపడేలా, "విన్నావా అమ్మా?" అన్నాడు.