ఓపీటీ అయిపోతోంది, తెనాలిలో ముహూర్తం పెట్టారు: వెళ్లి రావచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. డాలస్‌లో ఎంఎస్ చేసి స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకు చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. మూడుసార్లు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ వేసినా తగల్లేదు. పాస్‌పోర్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఓపీటీ ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. నాకు నిశ్చయమైన అబ్బాయిది ఖమ్మం, పోయిన ఏడాది అమెరికా సిటిజన్ అయ్యారు. మా వాళ్లు తెనాలిలో ముహూర్తం పెట్టారు. అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకుని తిరిగి రావచ్చా, ఇక్కడే రిజిస్టర్ చేసుకోవాలా? గ్రీన్‌కార్డు వచ్చేలోగా ఉద్యోగం మానేయాలా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందు ప్రయాణం సంగతి తేల్చేద్దాం. టికెట్ కొనకపోతే కొనకండి, కొని ఉంటే రద్దు చేసుకోండి. మీరడిగిన వాటిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మిగతావి కాస్త ముందూ వెనకా చూసుకుంటే సర్దుకునేవే.

మీరు తెనాలి వెళ్లి పెళ్లి చేసుకున్నారనుకుందాం. తిరుగు విమానం ఎక్కాలంటే కొత్త ఎఫ్-1 స్టాంపు కావాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అద్దం అవతల కూర్చున్న ఆఫీసర్‌కి కనిపించేది ఇదీ: చదువు అయిపోయింది, ఓపీటీకి వారాలే మిగిలాయి, భర్త అమెరికా పౌరుడు. వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం, ఎఫ్-1 అడిగిన మనిషి అమెరికాలో స్థిరపడటానికే వస్తున్నట్టు లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అడిగినవాళ్లదే. మీ పరిస్థితిలో ఆ రుజువు ఎవరూ చూపించలేరు. పోనీ వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అవివాహిత అని నింపితే? ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు కాబట్టే చెబుతున్నాను. అది వీసా కోసం ఆడిన అబద్ధం అవుతుంది, దానికి శిక్ష శాశ్వత నిషేధం. ఇక మిగిలేది మీవారు ఇక్కడ భార్య కోసం ఐ-130 పిటిషన్ వేయడం, మీరు అక్కడ ముంబై కాన్సులేట్‌లో వలస వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురుచూడటం. అది సాధారణంగా ఏడాది పైమాటే. కొత్త దంపతులు ఏడాదిపాటు వాట్సాప్‌లో కాపురం చేయాల్సి వస్తుంది.

స్టాంపు గడువు తీరిందని మాత్రం మీరు కంగారు పడనక్కర్లేదు. అది గుమ్మం దాటడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. దాని మీద విద్యార్థులకు తేదీ బదులు 'డీ/ఎస్' అని ఉంటుంది, అంటే చదువు, దాని వెనక ఓపీటీ సక్రమంగా సాగినన్నాళ్లు ఉండొచ్చని. ఓపీటీ ముగిశాక 60 రోజుల గ్రేస్ పీరియడ్ కూడా ఉంది. ఓపీటీ మొదలైనప్పటి నుంచి మొత్తం 150 రోజులకు మించి ఖాళీగా లేకుంటే మీ స్టేటస్‌కి ఢోకా లేదు.

ఇక గ్రీన్‌కార్డు. పెళ్లి చేసుకున్నంత మాత్రాన స్టేటస్ రాదు, గడువు ఆగదు. పెళ్లి తర్వాత వేసే దరఖాస్తు వల్ల ఆగుతుంది. అమెరికా పౌరుడి భార్యను చట్టం 'ఇమ్మీడియట్ రిలేటివ్' అంటుంది. ఈ కేటగిరీకి ఏటా ఇన్ని అనే కోటా లేదు, ఇండియాలో పుట్టినవాళ్లు ఉద్యోగ కేటగిరీలైన ఈబీ-2, ఈబీ-3లలో కాసే ఏళ్ల తరబడి క్యూ లేదు. మీరు వీసా మీద సక్రమంగా దేశంలోకి వచ్చారు కాబట్టి, మీవారు వేసే ఐ-130తో పాటే మీ గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 కూడా ఒకే కవరులో పంపవచ్చు.

కాబట్టి ముందు ఇక్కడ పెళ్లి. టెక్సాస్‌లో కౌంటీ క్లర్క్ ఆఫీసుకు ఇద్దరూ వెళ్లి మ్యారేజ్ లైసెన్సు తీసుకోవాలి. మామూలుగా 72 గంటలు ఆగాకే తంతు జరపాలి, 90 రోజుల్లోపు జరిగిపోవాలి. జడ్జి దగ్గరే కానక్కర్లేదు, గుడిలో పంతులుగారు తాళి కట్టించి ఆ లైసెన్సు మీద సంతకం పెట్టి క్లర్క్‌కి తిరిగి పంపినా చెల్లుతుంది. లైసెన్సు లేకుండా గుడిలో దండలు మార్చుకుని ఫొటోలు పట్టుకొస్తే మాత్రం ఐ-130 కదలదు.

మన ఇళ్లలో చిక్కంతా ఈ తర్వాతే మొదలవుతుంది. 'అది కాగితాల పెళ్లే, అసలు పెళ్లి తెనాలిలో' అంటారు పెద్దలు. ముహూర్తం దాకా అమ్మాయి తన రూమ్‌మేట్స్‌తోనే ఉంటుంది, అబ్బాయి అతని అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. కుటుంబ మర్యాదకి ఇది నిండుగా ఉంటుంది. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ బల్ల మీద మాత్రం ఇలా కనిపిస్తుంది: ఓపీటీ అయిపోయే ముందు హడావుడిగా రిజిస్టర్ పెళ్లి, రెండు వేర్వేరు అడ్రసులు, ఉమ్మడి బ్యాంకు ఖాతా లేదు. నకిలీ పెళ్లికి ఉండే లక్షణాలన్నీ నిజమైన పెళ్లిలో వచ్చి కూర్చుంటాయి. అనుమానం వస్తే ఇద్దరినీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు: మంచానికి ఏ పక్క ఎవరు పడుకుంటారు, నిన్న రాత్రి ఏం తిన్నారు, ఆయన ఆఫీసుకు ఎన్నింటికి బయల్దేరతారు. కలిసి ఉండనివాళ్లు ఎంత నిజాయతీపరులైనా వీటికి తడబడతారు.

నా సలహా అడిగితే, రిజిస్టర్ అయిన రోజు నుంచే ఒక ఇంట్లో ఉండండి. పెద్దవాళ్లకి బాధగా ఉంటే లాయరు చెప్పారని నా మీద తోసేయండి. లీజులో మీ పేరు చేర్పించండి. ఉమ్మడి ఖాతా తెరిచి అద్దె, కరెంటు బిల్లు అందులోంచే కట్టండి. ఉద్యోగం పోతే మీ ఇన్సూరెన్సు కూడా పోతుంది కనుక పెళ్లయిన 30 రోజుల్లోపు ఆయన కంపెనీ హెల్త్ ప్లాన్‌లో చేరండి. అది మీకు అవసరమూ, కేసుకి సాక్ష్యమూ. ముహూర్తం దాకా విడిగా ఉండక తప్పదంటే దాచకండి. ఆచారం ఇదీ అని రెండు కుటుంబాల పెద్దలూ అఫిడవిట్లు ఇవ్వాలి, నిశ్చితార్థం ఫొటోలు, కల్యాణ మండపానికి కట్టిన అడ్వాన్సు రసీదు, లగ్నపత్రిక జత చేయాలి. ఇంకో మాట: రిజిస్టర్ అయిన తేదీయే మీ పెళ్లి తేదీ. తెనాలి ముహూర్తం ఇంకా కాలేదని ఆ ఏడాది టాక్స్ 'సింగిల్' అని ఫైల్ చేసినవాళ్లున్నారు. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాదికి మీరు వివాహితులే. తర్వాత అక్కడ జరిగేది వేడుక. దాన్ని కొత్త పెళ్లిలా మళ్లీ అక్కడ రిజిస్టర్ చేయించి, ఒకే జంటకి రెండు తేదీల సర్టిఫికెట్లు సృష్టించకండి.

నకిలీ పెళ్లి సంగతి ఒక్క ముక్కలో: అయిదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా. 204(సి) సెక్షన్ కింద ఆ ముద్ర పడిన మనిషికి తర్వాత నిజమైన భర్త పిటిషన్ వేసినా, కంపెనీ వేసినా అప్రూవ్ కాదు.

ప్యాకెట్ విషయానికి వస్తే, 2024 ఏప్రిల్ నాటి ఫీజుల ప్రకారం ఐ-130కి 675, ఐ-485కి 1,440, పని అనుమతి కోసం ఐ-765కి 260, ప్రయాణ అనుమతి కోసం ఐ-131కి 630, మొత్తం 3,005 డాలర్లు. పంపే రోజున, ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఫీజూ, ఫారం ఎడిషన్ తేదీ రెండూ చూసుకోండి. 2025 అక్టోబరు 28 నుంచి చెక్కులు మామూలుగా తీసుకోవడం లేదు, కార్డు గానీ బ్యాంకు ఖాతా నుంచి గానీ చెల్లించాలి. మెడికల్ ఫారం ఐ-693ని 2024 డిసెంబరు నుంచి ఐ-485తో పాటే పంపాలి. దీనికి మీ ఫ్యామిలీ డాక్టరు పనికిరారు, గుర్తింపు ఉన్న సివిల్ సర్జన్ దగ్గరికే వెళ్లాలి. చిన్నప్పటి టీకాల కార్డు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి కొన్ని మళ్లీ పొడుస్తారు. టీబీ రక్తపరీక్ష పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే అంటారు, మనవాళ్లలో ఇది మామూలే, బెంబేలు పడొద్దు. కానీ దానికి రోజులు పడతాయి, అందుకే అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి.

మిమ్మల్ని పోషిస్తానని పూచీ ఇచ్చే ఐ-864 ఫారం మీద మీవారు సంతకం పెట్టాలి. ఆయన ఆదాయం దారిద్ర్యరేఖకు 125 శాతం ఉంటే చాలు. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు, ఉద్యోగస్తులకు సమస్య కాదు. ఆయనకు తెలియాల్సింది వేరే ఉంది: రేపు విడాకులైనా ఆ పూచీ రద్దు కాదు. మీరు సిటిజన్ అయ్యేదాకానో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్లు పూర్తయ్యేదాకానో ఉంటుంది.

ఎప్పుడు పంపాలి? 60 రోజుల గ్రేస్ ఉంది కదా అని చివరివారం దాకా ఆగితే, సంతకం మరిచిన ఒక్క ఫారం వల్ల ప్యాకెట్ మొత్తం వెనక్కి వస్తుంది, ఈలోపు గడువు దాటిపోతుంది. ఓపీటీ ముగిసేలోపే రసీదు, అంటే ఐ-797సీ, మీ చేతిలో ఉండాలి. నిజానికి సిటిజన్ భార్యకు స్టేటస్ పోయినా, అనుమతి లేకుండా పనిచేసినా, ఆ కారణంగా ఐ-485ని తోసిపుచ్చకుండా చట్టం మినహాయింపు ఇచ్చింది. 'ఏం ఫర్లేదు, సిటిజన్‌ని చేసుకున్నావుగా' అనే సలహాలు అక్కడి నుంచే పుట్టాయి. అయితే మినహాయింపు కేసుకి మాత్రమే, మనిషికి రక్షణ కాదు. ఐ-485 పెండింగ్‌లో ఉంటే ఇక్కడ ఉండనిస్తారు, కానీ అది స్టేటస్ కాదు. 2025 ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ తన పాలసీ మాన్యువల్‌లో, కుటుంబ పిటిషన్ వేసినంత మాత్రాన దేశం నుంచి పంపించే చర్యలు ఆగవని స్పష్టంగా రాసింది. అదే ఏడాది నవంబరులో శాన్ డియాగోలో, గడువు తీరినవాళ్లను గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకి వచ్చినచోటే అరెస్టు చేసినట్టు వార్తలొచ్చాయి. స్టేటస్ ఉండగానే ఫైల్ చేసే అవకాశం మీకుంది. దాన్ని చేతులారా వదులుకోకండి.

ఉద్యోగం: ఓపీటీ కార్డు మీద తేదీ ముగిసిన రోజుతో ఆపేయాలి. గ్రేస్ పీరియడ్‌లో ఉండొచ్చు గానీ పని చేయకూడదు. ఐ-485 మీద వచ్చే కొత్త పని అనుమతి కార్డుకి (ఈఏడీ) కొన్ని నెలలు పట్టొచ్చు. మీ మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడి, జీతం లేని సెలవు ఇస్తారేమో అడగండి. 'పేరోల్ నడుపుతూనే ఉంటాం' అనే కన్సల్టెన్సీని నమ్మొద్దు. ఇంతకంటే ప్రమాదం ఇంకోటుంది. ఈ ఖాళీలో తెలిసినవాళ్ల గ్యాస్ స్టేషన్‌లోనో స్టోర్‌లోనో చేరతారు, అక్కడ పనిలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారం మీద 'అమెరికా పౌరుడు' అనే గడిలో టిక్ పెట్టేస్తారు. అనుమతి లేని పనికి మీకు మినహాయింపు ఉంది. పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పినదానికి లేదు, క్షమాపణ దరఖాస్తు కూడా లేదు. నిజమైన పెళ్లి, మంచి సాక్ష్యాలు ఉన్న కేసును కూడా ఆ ఒక్క టిక్ ముంచేస్తుంది. ఓటరు నమోదు కాగితం ఎవరైనా చేతిలో పెట్టినా ఇదే జాగ్రత్త.

తెనాలి ముహూర్తం మానుకోమని నేననను, వాయిదా వేయమంటాను. ఐ-131 మీద అడ్వాన్స్ పరోల్, అంటే దేశం దాటి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి, వచ్చాక వెళ్లి రావచ్చు. అది చేతికి రాకముందే దేశం దాటితే ఐ-485 వదులుకున్నట్టే. హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగ వీసాల వాళ్లకి ఉన్న మినహాయింపు ఎఫ్-1 వాళ్లకు లేదు. మండపం తేదీ పెట్టాక పరోల్ కోసం చూడటం కాదు, పరోల్ వచ్చాకే పంతులుగారిని అడగండి. అడ్వాన్స్ పరోల్ మీద వెళ్లడం, గడువు దాటి ఉండిపోయినవాళ్లకు పదేళ్ల నిషేధాన్ని తెచ్చిపెట్టే 'నిష్క్రమణ' కిందికి రాదని 2012లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చింది. ఆ తీర్పు పేరు 'అర్రబల్లి, ఎర్రబెల్లి', ఇంటిపేర్లు వింటే మన జిల్లాల వాసనే వస్తుంది. మీకు ఆ నిషేధం గొడవే లేదు, అయినా ఎయిర్‌పోర్టులో లోపలికి పంపడం అక్కడి ఆఫీసర్ చేతిలోనే ఉంటుంది. అత్యవసరం కాని రెండో ప్రయాణం పెట్టుకోకండి.

ఇది చదివే ఇంకొందరి కోసం ఒక మాట. కాబోయే భర్త గ్రీన్‌కార్డు హోల్డర్ అయితే పైన చెప్పిన మినహాయింపులేవీ వర్తించవు. అది కోటా ఉన్న ఎఫ్2ఏ కేటగిరీ, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో తేదీ రావాలి, ఐ-485 వేసే రోజుకి స్టేటస్ చెక్కు చెదరకుండా ఉండాలి. 'ఇద్దరం అమెరికాలోనే సెటిల్' అన్న మాట విని సిటిజన్ అనుకున్నవాళ్లున్నారు. కాబట్టి పాస్‌పోర్టో, నేచురలైజేషన్ సర్టిఫికెట్టో కళ్లతో చూడండి. మీ విషయంలోనూ ఆ సర్టిఫికెట్ కాపీ ప్యాకెట్‌లో పెట్టాలి. ఇద్దరిలో ఎవరికైనా ఇంతకుముందు పెళ్లయి ఉంటే కోర్టు డిక్రీ కావాలి, ఊరి పెద్దల సమక్షంలో రాసుకున్న విడాకుల కాగితాన్ని నమ్ముకోవద్దు.

అప్రూవ్ అయ్యే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండవు కాబట్టి మీకొచ్చేది రెండేళ్ల కండిషనల్ కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో కండిషన్ తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. కాపురం చెడినా, హింస ఉన్నా మీరొక్కరే వేసుకునే దారి చట్టంలో ఉంది. గ్రీన్‌కార్డు తన చేతిలో ఉందని ఎవరైనా బెదిరిస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి.

చివరిగా, అమ్మానాన్నలకు ఒక పని అప్పగించండి. మీ బర్త్ సర్టిఫికెట్ తీసి చూడమనండి. చాలామందికి అందులో పేరు ఉండదు, 'స్త్రీ శిశువు' అని మాత్రమే ఉంటుంది. మున్సిపాలిటీలో పేరు చేర్పించుకోవచ్చు. అసలు రికార్డే లేకపోతే 'రికార్డు అలభ్యం' అని సర్టిఫికెట్ తీసుకుని, దానికి తల్లిదండ్రుల లేదా దగ్గరి బంధువుల అఫిడవిట్లు రెండు, టెన్త్ మెమో జత చేయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి రాసి, మెమోలో ఒక్క అక్షరంతో సరిపెట్టి ఉంటే ఫారంలో 'వాడిన ఇతర పేర్లు' అన్నచోట రెండూ రాయండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ సంతకం ఉండాలి. కవరులో ఒరిజినల్స్ పెట్టకండి, కాపీలు చాలు. ఒరిజినల్స్ ఇంటర్వ్యూ రోజున పట్టుకెళ్లాలి, కాబట్టి తెనాలి నుంచి వచ్చేవాళ్లెవరితోనైనా ముందే తెప్పించుకోండి.